చలిని లెక్కగట్టిన లిండే

1864లో జూరిచ్ పాలిటెక్నిక్‌లో విద్యార్థులు ఆందోళన చేశారు. అందులో పాల్గొన్నందుకు ఓ కుర్రవాణ్ణి చదువు పూర్తికాకుండానే బయటికి పంపేశారు. తండ్రి చర్చి పాస్టరు, ఇంట్లో తొమ్మిదిమంది పిల్లలు, చేతిలో పట్టా లేదు. ఆ కుర్రవాడే కార్ల్ లిండే. 1842లో బవేరియాలోని బెర్న్‌డార్ఫ్‌లో పుట్టాడు.

అదృష్టమేమంటే, జూరిచ్‌లో ఆయనకు పాఠాలు చెప్పినవారిలో క్లాసియస్ ఒకరు. మనం థర్మోడైనమిక్స్‌లో కుస్తీపట్టే ఎంట్రోపీ ఆ మహానుభావుడిదే! రూలో అనే మరో గురువు శిష్యుణ్ణి వదిలేయకుండా ఒక నూలుమిల్లులో పని నేర్చుకునే చోటు చూపించాడు. అక్కణ్ణుంచి బెర్లిన్, ఆపైన మ్యూనిక్‌లో రైలింజన్ల కర్మాగారం. 1868లో మ్యూనిక్‌లో కొత్తగా పెట్టిన సాంకేతిక కళాశాల ఆయన్ని అధ్యాపకుడిగా తీసుకుంది. 1872కల్లా పట్టా లేని ఆ మనిషి పూర్తిస్థాయి ప్రొఫెసరు.

చల్లదనం పుట్టించే యంత్రం లిండే కనిపెట్టిందేమీ కాదు. పెర్కిన్స్ 1834లోనే పేటెంటు తీసుకున్నాడు. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్‌తో నొక్కి, చల్లబరిచి, మళ్ళీ ద్రవం చేస్తే సరి. ఈ సంగతి అందరికీ తెలిసిందే. ఎవరూ సరిగా అడగని ప్రశ్న లిండే అడిగాడు: ఇంత పని ఖర్చుపెడితే ఎంత వేడి తోడవచ్చు? గురువు నేర్పిన లెక్క ప్రకారం మైనస్ 5 డిగ్రీల దగ్గర వేడి తీసుకుని 25 డిగ్రీల దగ్గర వదలాలంటే, ఒక పాలు పనికి దాదాపు తొమ్మిది పాళ్ళ వేడి దాకా తోడవచ్చు. అది గరిష్ఠ హద్దు. అప్పటి యంత్రాలు దానికి చాలా దూరంలో ఉన్నాయి. 1870, 71లలో ఈ సంగతులే వ్యాసాలుగా రాశాడు.

వాటిని శ్రద్ధగా చదివింది బీరు తయారీదారులు! చెరువుల మీద గడ్డకట్టిన మంచును చలికాలంలో కోసి దాచుకునేవారు; చలి తగ్గిన ఏడు వాళ్ళ పని అయోమయమే. వాన కోసం ఆకాశంకేసి చూసే మావాళ్ళ అవస్థే ఇంచుమించు అది కూడా. మ్యూనిక్ బీరు యజమాని సెడెల్‌మేయర్ తన కర్మాగారంలో ప్రయోగాలకు చోటిచ్చాడు.

మొదటి యంత్రం మిథైల్ ఈథర్‌తో నడిచేది. లెక్క బాగానే ఉంది, లీకే ఆగలేదు. మా పంపుసెట్టు గ్లాండు దగ్గర నీళ్ళు కారితే నాలుగు చుట్లు తాడు చుట్టి బోల్టు బిగిస్తాం. నాలుగు చుక్కలు కారినా చేను తడుస్తుంది. కానీ ఇక్కడ కారేది వాయువు. పాదరసంతో అడ్డుకట్ట వేశాడు, కుదరలేదు. ఇంకొకరైతే దానికి మరో పరికరం తగిలించేవారేమో. లిండే తగ్గించుకుంటూ వచ్చాడు. రెండో యంత్రంలో పాదరసం పోయి గ్లిజరిన్ వచ్చింది, ఈథర్ పోయి అమోనియా వచ్చింది. అమోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గర మరుగుతూ కిలోకు సుమారు 1,370 కిలోజౌళ్ళ వేడిని లాక్కుంటుంది. అంటే కొంచెం ద్రవంతోనే బోలెడు పని. ఘాటు మాత్రం భరించలేం, ప్రమాదమూ ఉంది. అయినా పెద్ద పెద్ద కోల్డ్ స్టోరేజీల్లో నేటికీ అదే వాడుతున్నారు. ఆ తర్వాత కంప్రెసర్‌ని అడ్డంగా పడుకోబెట్టి, పిస్టన్ రెండువైపులా పనిచేసేలా మార్చి మరింత సులువు చేశాడు. ట్రియెస్ట్‌లోని బీరు కర్మాగారంలో బిగించిన యంత్రం 1908 దాకా నడిచింది.

1879లో ప్రొఫెసరు ఉద్యోగం వదిలి కంపెనీ పెట్టాడు. ఆయన శిష్యుల్లో రుడాల్ఫ్ డీజిల్ ఉన్నాడు. మా తాతగారి బావి గట్టున టకటకలాడిన ఆయిల్ ఇంజనుకూ ఆ తరగతి గదికీ చుట్టరికం ఉందన్నమాట!

1890 తర్వాత వ్యాపార నిర్వహణ నుంచి తప్పుకుని మళ్ళీ ప్రయోగాల్లో పడ్డాడు. 1895లో గాలినే ద్రవం చేశాడు. నొక్కిన గాలిని సన్నని కవాటం గుండా వదలడం, చల్లబడిన గాలితో లోపలికి వచ్చే గాలిని చల్లబరచడం, మళ్ళీ అదే. బయటినుంచి మరో శీతలకారి అవసరం లేకుండానే మైనస్ 190 డిగ్రీల దాకా దిగాడు. 1902లో ఆ ద్రవం నుంచే ఆక్సిజన్ వేరుచేశాడు. 1934 నవంబరు 16న మ్యూనిక్‌లో కన్నుమూసేనాటికి ఆయనకు 92 ఏళ్ళు.