పావ్లోవ్‌కి ముందు ఓ ఇంజినీరు

శిరివెళ్ల నుంచి నంద్యాలకు రోజూ బస్సులో కోచింగ్‌కి వెళ్లే డీఎస్సీ అభ్యర్థిని అడగండి. పావ్లోవ్, గంట, కుక్క, లాలాజలం... గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఆ పావ్లోవ్‌కే దారి చూపిన మనిషి ఇవాన్ సెచెనోవ్. చదివింది మాత్రం మిలిటరీ ఇంజినీరింగ్!

1829లో రష్యాలో పుట్టిన సెచెనోవ్, పీటర్స్‌బర్గ్‌లో చదువయ్యాక కీవ్‌లో సైనిక ఉద్యోగంలో చేరారు. స్థిరమైన కొలువే. అయినా 1850లో రాజీనామా చేసి, మాస్కో వెళ్లి మెడిసిన్ మొదటి నుంచి చదివారు. జర్మనీలో పరిశోధన చేసొచ్చి, 1860 నుంచి పీటర్స్‌బర్గ్ వైద్య అకాడమీలో పాఠాలు చెప్పారు.

1862లో పారిస్‌లో కప్పల మీద ప్రయోగాలు చేసి, మెదడు ప్రతీకార చర్యలకు బ్రేకు కూడా వేస్తుందని చూపించారు. మరుసటి ఏడాది ఇంకో అడుగు ముందుకేశారు. మన ఆలోచనలు కూడా బయటి ప్రేరణతోనే మొదలవుతాయని రాశారు. బీటెక్ భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్ లేకుండా అవుట్‌పుట్ లేదు.

సర్కారుకి ఇది నచ్చలేదు. మనిషి చేసే పనికి పరిసరాలే మూలమైతే తప్పొప్పులు, శిక్షలు ఏమవుతాయన్నది వాళ్ల భయం. 1866లో పుస్తకాన్ని జప్తు చేశారు. మరుసటి ఏడాది వదిలేశారు.

ఉదారవాదుల నుంచీ అభ్యంతరం వచ్చింది. భూస్వాముల కింద బతికే రైతులకు విముక్తి కావాలని వాదించిన న్యాయ పండితుడు కవేలిన్, 1872లో మనస్తత్వశాస్త్రం మీద పుస్తకం రాశారు. మనిషికి సొంత సంకల్పం లేకపోతే చట్టం, పౌరుడు అన్న మాటలకు అర్థమేముంది? మనసు నరాల్లోనే కాదు, భాషలో, ఆచారాల్లో, చట్టాల్లో కూడా కనిపిస్తుందన్నది ఆయన వాదం. మనసుని పరిశోధించాల్సింది శరీరధర్మ శాస్త్రవేత్తలేనని 1873లో సెచెనోవ్ బదులిచ్చారు. వాదన తేలలేదు. ఇద్దరి ప్రశ్నలూ నేటికీ నిలిచే ఉన్నాయి.

సెచెనోవ్ జీవితం చూస్తే మాత్రం సంకల్పానికి లోటు కనపడదు. ఆడపిల్లలకు ఉన్నత విద్య అందని రోజుల్లో వాళ్లని తన ల్యాబ్‌లోకి రానిచ్చారు. 1870లో మెచ్నికోవ్ లాంటి ప్రతిభావంతుణ్ని అకాడమీ కాదంటే, నిరసనగా ప్రొఫెసర్ పదవే వదులుకున్నారు. కొన్నాళ్లు మెండలీఫ్ ల్యాబ్‌లో పనిచేసి, తర్వాత ఒడెస్సాలో చేరారు.

చివరి దశలో కార్మికుల అలసట మీద దృష్టి పెట్టారు. శరీరం లెక్కలు చూపి, రోజుకి 8 గంటలకు మించి పని తగదన్నారు. తన చేతుల మీదే ప్రయోగాలు చేసుకుని ఇంకోటి కనిపెట్టారు. కుడి చెయ్యి అలసినప్పుడు ఊరికే కూర్చోవడం కంటే, ఎడమ చేత్తో కాసేపు పని చేస్తే కుడి చెయ్యి బాగా తేరుకుంటుంది. 1905లో కన్నుమూశారు.

కాబట్టి ఆఫర్ లెటర్ చేతికొస్తే ప్యాకేజీ అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. పని గంటల లైను కూడా చదవండి.