వేల్సు దేశపు పుణ్యపురుషుడు డేవిడ్

వేల్సు దేశపు నైరుతి కొనయందు సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన రాతినేలపై ఒక చిన్న ఊరు కలదు. జనసంఖ్య రెండువేలకు మించదు. అయినను దానికి నగరమను గౌరవము ఉన్నది. 1995లో ఎలిజబెత్తు రాణి పత్రరూపమున ఆ గౌరవమును పునరుద్ధరించినది. బ్రిటనులోని నగరములన్నింటిలో ఇంత తక్కువ జనముగలది మరియొకటి లేదు. పల్లెవంటి ఊరికి ఇంతటి ప్రతిష్ఠ కలుగుటకు కారణము పదునాలుగు శతాబ్దములకు పూర్వము అచట నాగలి లాగిన ఒక సన్న్యాసి. ఇంగ్లీషువారు ఆయనను డేవిడ్ అందురు. స్వదేశీయులు తమ భాషలో దెవి అందురు. తెలుగు చెవికి ఈ పేరు స్త్రీనామమువలె తోచును గాని, అది ‘దావీదు’ అను హీబ్రూ నామమునకు వేల్ష్ నోటిలో ఏర్పడిన రూపము.

ఆయన క్రీస్తుశకము ఆరవ శతాబ్దివాడు. జన్మసంవత్సరము నిశ్చయముగా తెలియదు. తండ్రి సాంత్, కెరెడిగియన్ సీమకు ప్రభువు. తల్లి నోన్, దైవభక్తురాలగు కన్య. సాంత్ అను పదమునకు సాధువని అర్థము. ఇది లాటిను పదమునుండి పుట్టినది. ఉత్తరహిందూస్థానపు ‘సంత్’ శబ్దముతో ధ్వనిలో పోలికయే గాని చుట్టరికము లేదు. పేరు సాధువుదైనను ఆ ప్రభువు చేసిన పని సాధువైనది కాదు. దారిలో కనబడిన నోన్‌ను అతడు బలాత్కరించెననియు, ఆమె పిదప జీవితమంతయు రొట్టెతో నీటితో గడపి బిడ్డను కనెననియు చరిత్రకారుడు దాచక వ్రాసినాడు. పురాణకర్తలు సామాన్యముగా మఱుగుపరచు విషయమును ఇతడు మఱుగుపరచలేదు. తల్లియెడ అతనికి గల గౌరవము దీనివలన తెలియుచున్నది.

గర్భవతియైన నోన్ ఒకనాడు దేవాలయమున ఒక మూలను నిలిచియుండగా ఉపదేశము చేయవలసిన పండితుడు గిల్డాస్‌కు నోట మాట రాలేదట. తనకంటె ఘనుడు ఆ గర్భమున ఉన్నాడని ఆయన తరువాత గ్రహించెనని కథ. ప్రహ్లాదుని గర్భవాసకథ విన్న మనవారికి ఇది క్రొత్తగా తోచదు. ప్రసవవేళ పెనుగాలివాన చెలరేగెను. నోన్ ఉన్నచోట మాత్రము వెలుగు నిండెను. నొప్పి ఓర్వలేక ఆమె ఊతగొన్న రాతిపై చేతిగుర్తులు పడినవనియు, ఆ రాయి రెండుగా చీలినదనియు చెప్పుదురు. సముద్రపుటొడ్డున ఆమె పేర వెలసిన శిథిలాలయము, ఊటబావి నేటికిని కలవు.

పెరిగిన పిమ్మట డేవిడ్ పౌలినుస్ అను గురువునొద్ద చదువుకొనెను. ఈ గురుకులవాసములో ఒక ఘట్టము ఉపాధ్యాయులు తెలిసికొనదగినది. గురువునకు కన్నులు బాధించి చూపు పోయెను. శిష్యులందరును ఒక్కొక్కరుగా వచ్చి ఆయన కన్నులను పరీక్షించి తాకిరి, ఫలము లేదు. డేవిడ్ వంతు వచ్చినప్పుడు, పదియేండ్లుగా గురువు ముఖము తానింతవరకు ఎత్తి చూడలేదని విన్నవించుకొనెను. అంతటి వినయము. చూడకున్నను తాకుమని గురువు చెప్పగా తాకెను, చూపు వచ్చెను.

తరువాత ఆయన గ్లిన్ రోసిన్ అను లోయలో ఆశ్రమము నెలకొల్పెను. మొదటిదినమున శిష్యులు నిప్పు రాజేయగా పొగ ఆ ప్రాంతమంతటను వ్యాపించెను. బోయా అను ఐరిషు నాయకుడు అది చూచి గుండె చెదరినవాడయ్యెను. ఆ పొగ క్రమ్మిన నేల అంతయు నిప్పు వెలిగించినవానికి చెందునని అతని భయము. భార్య ప్రోద్బలముతో సన్న్యాసులను చంపబోయి జ్వరపీడితుడై మరలెను. ఇంటికి వచ్చుసరికి పశువులు చచ్చిపడియుండెను. అతడు క్షమాపణ కోరగా డేవిడ్ పశువులను బ్రతికించెను, బోయా లోయను దానమిచ్చెను.

అద్భుతములకంటె ఆశ్రమనియమములే ఆయన స్వభావమును బాగుగా తెలుపుచున్నవి. దుక్కి దున్నుటకు ఎద్దులు లేవు. సన్న్యాసులే కాడిని భుజములపై మోసి నాగలి లాగవలెను. ఆహారము రొట్టె, ఉప్పు చల్లిన ఆకుకూరలు. పానీయము నీరు; అందుచేతనే ఆయనను నీటిమనిషి అనిరి. చన్నీటిలో గంటలకొలది నిలిచి ఇంద్రియముల నణచుకొనెడివాడు. ఆశ్రమమున చేరగోరువాడు వాకిట పదిదినములు వేచి, తిట్లు పడి, ఓర్చినగాని లోనికి రానిచ్చెడివారు కారు. ఓడ పగిలి ఒడ్డున పడినవానివలె కట్టుబట్టలైన లేక రావలెనే గాని కానుక తేరాదు. ‘నా పుస్తకము’ అన్నను దోషమే, దానికి ప్రాయశ్చిత్తము విధింపబడెను. ఇంతటి కఠినుడు తేనెటీగల విషయమున మృదువై కనిపించును. తేనెపట్టులను పెంచిన శిష్యుడు మోడొమ్నోక్ ఐర్లండునకు ఓడ యెక్కగా ఈగలు వెంటబడెను. ఆశ్రమపు సొత్తు పోవునని అతడు మరలి వచ్చెను. మూడవసారియు వెంటబడగా డేవిడ్ దీవించి వానిని పంపివేసెను.

ఆ కాలమున పెలాజియుస్ మతము బ్రిటనులో వ్యాపించియుండెను. దైవానుగ్రహము లేకయే మానవుడు స్వశక్తితో పుణ్యాత్ముడు కాగలడని ఆ మతము సారము. దానిని ఖండించుటకు లాన్‌దెవి బ్రెవి అనుచోట మహాసభ కూడెను. జనసమూహము మిక్కుటమై ఏ వక్త కంఠమును వినరాలేదు. చివరకు డేవిడ్‌ను పిలిపించిరి. ఆయన మాటలాడుచుండగా పాదములక్రింది నేల గుట్టయై లేచెను, తెల్లని పావురము వచ్చి భుజముపై వ్రాలెను. చుట్టును కొండలే ఉన్న ఆ సీమలో ఇంకొక గుట్ట పుట్టుటకంటె అనవసరమైన అద్భుతము వేరొకటి ఉండదని వేల్ష్ చరిత్రకారుడు జాన్ డేవిస్ పరిహాసమాడెను. గుట్ట మాట ఎట్లున్నను, చేతికాడి మోసినవాని కంఠము అందరికిని వినబడెననుట కథలోని ముఖ్యాంశము.

ఆయన మార్చి 1వ తేదీన పరమపదించెను. సంవత్సరము 589 అని కొందరు, 601 అని ప్రాచీన వేల్ష్ సంవత్సరపట్టిక. ముందటి ఆదివారమున అనుచరులను కూర్చి, సంతోషముగా నుండుడనియు, విశ్వాసమును నిలుపుకొనుడనియు, తనయందు చూచిన చిన్నచిన్న పనులనే చేయుచుండుడనియు ఉపదేశించెనని వేల్ష్ భాషలోని చరిత్ర చెప్పుచున్నది. ఆ గ్రంథపు ప్రతి 1346లో లాన్‌దెవి బ్రెవిలోని ఒక ఏకాంతవాసి చేతివ్రాత. చిన్న పనులను గూర్చిన ఆ మాట నేడును వేల్సు ఇండ్లలో సామెతవలె వాడుకలో నున్నది.

ఈ విశేషములలో పెక్కింటిని మొదట లాటినులో వ్రాసినవాడు రిగివార్ఖ్. డేవిడ్ గతించిన దాదాపు అయిదువందల యేండ్ల తరువాతివాడు; అచటి బిషప్పు సులియెన్ కుమారుడు. అతడు కలము పట్టిన వేళను గమనింపవలెను. 1081లో నార్మను విజేత విలియము స్వయముగా డేవిడ్ సన్నిధికి వచ్చిపోయెను. 1093లో దక్షిణవేల్సు రాజు రీస్ ఆప్ తెవ్‌దుర్ హతుడయ్యెను. నార్మనులు రిగివార్ఖ్ పుట్టినసీమను ఆక్రమించిరి. ఆ దుఃఖమును గూర్చి అతడు లాటినున విలాపకావ్యము వ్రాసెను. రాజ్యము పోవుచున్నది, దేవాలయములును ఇంగ్లండులోని కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు క్రిందికి పోనున్నవి. ఆ సమయమున అతడు వ్రాసిన చరిత్రలో డేవిడ్ ఇద్దరు మిత్రులతో జెరూసలేము పోవును. అచటి ధర్మాధిపతి ఆయనను స్వయముగా ఆర్చిబిషప్పుగా అభిషేకించును. జెరూసలేమునందే అభిషిక్తుడైనవాని పీఠము మరియొకరికి లోబడనేల? ఆ యాత్ర నిజముగా జరిగినదని నమ్ముటకు ఆధారము లేదు. కాని అది ఓడిపోవుచున్న జాతి తన పక్షమున వేసికొన్న వ్యాజ్యపత్రము.

ఆ వ్యాజ్యము చాలకాలము సాగెను. డేవిడ్ పీఠమునకు 1199లో ఎన్నుకొనబడిన గెరాల్డు అను పండితుడు మూడుమారులు రోమునకు పోయి పోపు ఎదుట వాదించి ఓడెను. 1920లో గాని వేల్సు క్రైస్తవసంఘము కాంటర్‌బరీనుండి విడివడి తనకొక ఆర్చిబిషప్పును పొందలేదు.

మతసంస్కరణకాలమున 1538లో బిషప్పు బార్లో డేవిడ్ సమాధిని కొల్లగొట్టించెను. ఆయనవని భావింపబడిన ఎముకలు పిమ్మట దేవాలయమున దొరకినవి గాని, 1990లలోని శాస్త్రపరీక్షలో అవి ఆరువందల యేండ్ల తరువాతివని తేలెను. అయినను సమాధిని మరమ్మతు చేయించి 2012 మార్చి 1న తిరిగి ప్రతిష్ఠించిరి.

ఆ తేదీన వేల్ష్‌వారు దుస్తులకు లీక్ కాడను గాని పసుపుపచ్చని డాఫొడిల్ పువ్వును గాని తగిలించుకొందురు. లీక్ ఉల్లిజాతి కూర. సాక్సనులతో యుద్ధమున తమవారిని గుర్తించుటకు టోపీలపై దానిని పెట్టుకొనుడని డేవిడ్ చెప్పెనను కథ కలదు. షేక్స్‌పియరు ‘అయిదవ హెన్రీ’ నాటకమున ఫ్లుయెలెన్ అను వేల్ష్ సేనాని ఈ కాడనే ధరించును, దానిని ఎగతాళి చేసినవానిచే తినిపించును. నేటికిని వేల్ష్ పటాలమున క్రొత్త సిపాయిలు ఆనాడు పచ్చి లీక్ నమలవలెను. డాఫొడిల్ తరువాత వచ్చినది. దానికి వేల్ష్ భాషలో పీటరు లీక్ అని పేరుండుటయే ఈ స్నేహమునకు మూలమై యుండును.

ఆనాడు సెలవియ్యవలెనని వేల్ష్ శాసనసభ 2000లో ఏకగ్రీవముగా తీర్మానించెను. లండను ప్రభుత్వము ఒప్పుకొనలేదు. అందుచే మార్చి 1 బడిదినము వచ్చినచో పిల్లలు బడికే పోవుదురు. బాలికలు శాలువ కప్పి, పొడవైన నల్లటోపీ ధరింతురు. పాటలలో, పద్యపఠనములో పోటీలు జరుగును. గెలిచిన చిన్నకవిని కుర్చీపై కూర్చుండబెట్టి, తోటివారందరును లేచి చప్పట్లు చరతురు.