జైలు నుంచి వచ్చిన ఆమెకు గూడు ఇచ్చిన పాస్టర్

శిక్ష పూర్తి చేసుకున్న ఖైదీకి జైలు గేటు దాటగానే మరో శిక్ష మొదలవుతుంది. దానికి కోర్టు తీర్పు ఉండదు, గడువు అసలే ఉండదు. ఇంటికి వెళ్తే తలుపు తీస్తారో లేదో తెలియదు. పని అడిగితే ముందు గతం అడుగుతారు. ఇరుగుపొరుగు తమ చూపులతోనే మళ్లీ బోను ఎక్కిస్తారు. చేసిన నేరానికి చెల్లించాల్సింది చెల్లించి బయటికొచ్చినా ఆ అప్పు ఎప్పటికీ తీరదు. ఆ స్థితిలో చాలామంది తమను కాదనని ఒకే ఒక్క చోటికి, అంటే పాత స్నేహాల దగ్గరికే వెళ్లిపోతారు. దాదాపు రెండు వందల ఏళ్ల క్రితం జర్మనీలో ఒక నిరుపేద చర్చికి పాస్టరుగా ఉన్న థియోడర్ ఫ్లీడ్నర్ ఈ సంగతి కళ్లారా చూశాడు. చూసి ఊరుకోలేదు. అదే ఆయన జీవితకథ!

ఫ్లీడ్నర్ 1800 జనవరి 21న ఎప్‌స్టయిన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి కూడా పాస్టరే. ఫ్లీడ్నర్‌కు పదమూడేళ్లప్పుడు తండ్రి జ్వరంతో చనిపోయాడు. పెద్ద కుటుంబం, ఆస్తిపాస్తులు లేవు. దయగలవారి సాయంతో చదువు పూర్తి చేసి, 1822 జనవరిలో రైన్ నది ఒడ్డున ఉన్న కైజర్స్‌వెర్త్ అనే ఊరికి పాస్టరుగా వచ్చాడు. అప్పటికి ఆయన వయసు దాదాపు 22 ఏళ్లు. ఆ ఊళ్లో ఎక్కువమంది క్యాథలిక్కులు. ప్రొటెస్టెంట్ కుటుంబాలు కొన్నే. వాళ్లలోనూ చాలామందికి ఊళ్లోని మఖ్మల్ బట్టల మిల్లే ఆధారం. కొత్త పాస్టరు వచ్చిన కొద్ది రోజులకే ఆ మిల్లు దివాలా తీసింది! విశ్వాసులకు పని పోయింది. చర్చి ఖర్చులకు, పాస్టరు జీతానికి కూడా డబ్బు లేకుండా పోయింది.

మరో చోట మంచి సంఘంలో చేరే అవకాశం ఆయనకు వచ్చింది. వెళ్లి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కాని కష్టంలో ఉన్న మందను వదిలేసి వెళ్లే కాపరిగా ఉండటం ఆయనకు ఇష్టం లేదు. స్వభావానికి బిడియస్తుడైనా చందాల కోసం ఊరూరా తిరిగాడు. 1823, 1824 సంవత్సరాల్లో హాలెండు, ఇంగ్లండు దేశాలకూ వెళ్లాడు. చర్చి నిలబడటానికి కావలసిన డబ్బు సమకూరింది. అయితే దేవుడు ఆయన్ను పంపింది డబ్బు కోసమే కాదు. లండన్‌లోని న్యూగేట్ జైల్లో స్త్రీ ఖైదీల మధ్య ఎలిజబెత్ ఫ్రై అనే భక్తురాలు చేస్తున్న పరిచర్య గురించి ఆయన అక్కడే తెలుసుకున్నాడు. చందాల సంచితోపాటు గుండె నిండా ఒక భారంతో కైజర్స్‌వెర్త్‌కు తిరిగొచ్చాడు.

తన ఊరికి సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న డ్యూసెల్‌డార్ఫ్ జైలుకు వెళ్లి చూశాడు. ఇరుకు గదులు, మురికి, చీకటి. చిన్న తప్పు చేసిన కుర్రవాళ్లూ కరడుగట్టిన నేరస్థులూ ఒకేచోట ఉండేవారు. పని లేదు, చదువు లేదు, వాక్యం చెప్పే పాస్టరు లేడు. ఖైదీల బాధ వాళ్లలో ఒకడిగా ఉంటేనే అర్థమవుతుందని ఫ్లీడ్నర్ అనుకున్నాడు. తనను కొన్నాళ్లు ఖైదీగా జైల్లో ఉంచమని అధికారులకు అర్జీ పెట్టుకున్నాడు! వాళ్లు ఒప్పుకోలేదు. కనీసం వాక్యం చెప్పడానికైనా అనుమతించమని కోరాడు. దానికి ఒప్పుకున్నారు. 1825 అక్టోబరు నుంచి రెండు వారాలకొకసారి, ఆదివారం తన చర్చిలో ఆరాధన ముగించుకుని డ్యూసెల్‌డార్ఫ్ జైలుకు వెళ్లేవాడు. జైలుకు ప్రత్యేకంగా ఒక పాస్టరును నియమించేదాకా దాదాపు మూడేళ్లపాటు ఆ సేవ సాగింది.

ఒక్కడు చేసే సేవ చాలదని కూడా ఆయన గ్రహించాడు. 1826 జూన్ 18న రైన్, వెస్ట్‌ఫాలియా ప్రాంతాల కోసం ఒక ఖైదీల సంక్షేమ సంఘం ఏర్పడింది. జర్మనీలో అలాంటి సంఘాల్లో అదే మొదటిది. క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు అందులో కలిసి పనిచేశారు. జైళ్లలో పాస్టర్లను, ఉపాధ్యాయులను నియమించడం, పని నేర్పించడం, విడుదలైనవారిని ఆదుకోవడం దాని ఉద్దేశాలు. మొదటివి జైలు గోడల లోపల జరిగే పనులు. అధికారులు ఒప్పుకుంటే, డబ్బు ఉంటే జరిగిపోతాయి. కాని విడుదలైన వారిని ఆదుకోవాలంటే ఎవరో ఒకరు తమ ఊళ్లో, తమ వీధిలో, తమ గుమ్మంలో చోటివ్వాలి. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

జైలు నుంచి వచ్చిన స్త్రీల పరిస్థితి మరీ దారుణం. మగవాడికి ఎక్కడో కూలిపనైనా దొరికేది. జైలుకెళ్లిన ఆడమనిషిని ఇంట్లో పనికి ఎవరు పెట్టుకుంటారు? ఆమెకు మిగిలేది వీధి ఒక్కటే. అలాంటివారి కోసం ఒక ఆశ్రమం పెట్టాలని అందరూ అన్నారు. తమ ఊళ్లో పెడతామని మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. ఫ్లీడ్నర్ కూడా తన ఊరు చాలా చిన్నదని, తన సంఘం పేదదని వెనకాడాడు. ఆయన భార్య ఫ్రీడరికె వెనకాడలేదు. 1828లో ఆయన్ను పెళ్లాడక ముందు ఆమె అనాథ పిల్లల ఆశ్రమంలో పనిచేసిన పరిచారకురాలు. ఈ పని తమ ఇంటి దగ్గరే మొదలుపెడదామని ఆమె భర్తను ప్రోత్సహించింది. ఆ మాట ఆయన విన్నాడు.

1833 సెప్టెంబరు 17న మిన్నా అనే స్త్రీ వాళ్ల గుమ్మం ముందు నిలబడింది. జైలు నుంచి విడుదలై వచ్చింది. వెళ్లడానికి మరో చోటు లేదు. ఆశ్రమం ఇంకా ఏర్పడలేదు, భవనం లేదు, నిధి లేదు. ఉన్నదల్లా పాస్టరు ఇంటి తోటలో ఒక చిన్న గది. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పైన ఒక అటక. ఫ్లీడ్నర్ దంపతులు అదే ఆమెకిచ్చారు. పగలు గదిలో ఉండేది, రాత్రి నిచ్చెన వేసుకుని అటక మీదికి ఎక్కి పడుకునేది. ఆమె పైకి ఎక్కాక నిచ్చెన తీసేసేవారు. ఆ నిచ్చెన తీసేయడం గురించి చదివితే మనకు నవ్వు రావచ్చు, లేదా బాధ కలగవచ్చు. కాని అందులో ఒక నిజాయితీ ఉంది. ఆ దంపతులు దేవదూతలేమీ కాదు. వాళ్లకూ భయముంది, జాగ్రత్త ఉంది. భయం పూర్తిగా పోయాక ప్రేమిద్దామని మాత్రం వాళ్లు ఎదురుచూడలేదు. భయపడుతూనే చోటిచ్చారు!

కొద్ది రోజులకే మరో స్త్రీ వచ్చింది. తర్వాత ఇంకొందరు. ఆ గది చాలక వేరే ఇల్లు చూడాల్సి వచ్చింది. వాళ్లను చూసుకోవడానికి ఫ్రీడరికె స్నేహితురాలు కాతరీనా గోబెల్ వచ్చి వాళ్లతోనే ఉంది. వంట, కుట్టుపని, బట్టలుతకడం, తోటపని, ప్రార్థన, వాక్యం, ఇదే వాళ్ల దినచర్య. నిలకడ వచ్చిందనుకున్నాక నమ్మకమైన కుటుంబాల్లో పనికి కుదిర్చేవారు. వచ్చినవాళ్లందరూ మారిపోలేదు. కొందరు పాత దారిలోకే తిరిగి వెళ్లారు. అయినా కొందరు వెళ్లిపోయారని మిగతావాళ్లకు తలుపు మూయలేదు. విత్తువాడు చల్లిన విత్తనాలన్నీ మంచి నేలన పడలేదన్న సంగతి వాక్యం బోధించేవాడికి తెలియనిది కాదు కదా!

ఆ తర్వాత జరిగింది ఫ్లీడ్నర్ కూడా ఊహించనిది. జైలు నుంచి వచ్చినవాళ్లకు సేవ చేయాలంటే శిక్షణ పొందిన స్త్రీలు కావాలి. రోగులకు సేవ చేయడానికి, పేద పిల్లలకు చదువు చెప్పడానికి కూడా వాళ్లే కావాలి. రోమా పత్రికలో పౌలు ప్రస్తావించిన ఫీబే లాంటి పరిచారకురాళ్లు తొలి సంఘాల్లో ఉండేవారని, ఆ సేవను మళ్లీ లేపాలని ఫ్లీడ్నర్ తలపోశాడు. 1836లో చేతిలో డబ్బు లేకుండానే ఊళ్లోకెల్లా పెద్ద ఇంటిని బేరం చేసి కొన్నాడు. ఆ ఏడాది అక్టోబరు 13న విరిగిన కుర్చీలతో, పాత సామానుతో అక్కడ ఒక ఆసుపత్రి మొదలైంది. మొదటి రోగి ఒక క్యాథలిక్ పనిమనిషి. వారం రోజులకు మొదటి డీకనెస్‌గా గెర్ట్రూడ్ రైఖార్ట్ చేరింది. ఆమె ఒక వైద్యుడి కూతురు.

ఆ ఇంట్లో శిక్షణ పొందిన స్త్రీలు జర్మనీ అంతటా ఆసుపత్రులకు వెళ్లారు. 1840లో ఎలిజబెత్ ఫ్రై స్వయంగా కైజర్స్‌వెర్త్ వచ్చి చూసింది. ఎవరి సేవ గురించి విని ఫ్లీడ్నర్ మేల్కొన్నాడో, ఆమే ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని లండన్‌కు తీసుకెళ్లి, అదే ఏడాది అక్కడ నర్సుల శిక్షణ సంస్థను ప్రారంభించింది. 1842లో ఫ్రీడరికె చనిపోయింది. మరుసటి ఏడాది ఆయన్ను పెళ్లాడిన కరోలిన్ బెర్తో ఆ పరిచర్య బరువును తన భుజాన వేసుకుంది. 1849లో ఫ్లీడ్నర్ నలుగురు డీకనెస్‌లను అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు, 1851లో మరికొందరిని యెరూషలేముకు తీసుకెళ్లాడు. అదే 1851లో ఒక ఇంగ్లిష్ యువతి కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు ఉండి రోగుల సేవ నేర్చుకుంది. ఆమే ఫ్లారెన్స్ నైటింగేల్!

1864 అక్టోబరు 4న ఫ్లీడ్నర్ ప్రభువు సన్నిధికి చేరేనాటికి అలాంటి శిక్షణాలయాలు 30 వరకు, వాటిలో డీకనెస్‌లు సుమారు 1600 మంది ఉన్నారు. కైజర్స్‌వెర్త్‌లో ఆ సేవా సంస్థ ఈ రోజుకీ నడుస్తోంది. అక్కడి ఆసుపత్రికి నైటింగేల్ పేరే ఉంది. ఈరోజు ఆసుపత్రిలో తెల్లని దుస్తుల్లో ఒక నర్సు మన పడక పక్కన నిలబడితే, ఆ వృత్తి పునాదుల్లో ఒక రాయి జైలు నుంచి వచ్చిన మిన్నాకు ఇచ్చిన ఆ పన్నెండడుగుల గదిలో పడిందని మనలో ఎంతమందికి తెలుసు?

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యేసుప్రభువు తీర్పు దినాన అడిగే సంగతులు చెప్పాడు. ఆకలి, దాహం, పరదేశి, వస్త్రహీనుడు, రోగి, ఖైదీ. మనం వీళ్లను ఆరుగురు వేర్వేరు మనుషులనుకుంటాం. ఒక్కొక్కరికి ఒక్కో పరిచర్య కేటాయిస్తాం. కాని జైలు గేటు దాటి వచ్చిన మనిషిని చూడండి. అతను నిన్నటి ఖైదీ, ఈరోజు పరదేశి. ఆకలి కూడా అతనిదే, కట్టుబట్టలతో మిగిలింది కూడా అతనే. ఖైదీగా ఉన్నప్పుడు దర్శించి, పరదేశిగా వచ్చినప్పుడు తలుపు వేసుకుంటే మనం ప్రభువు మాటలో సగమే విన్నట్టు! ఫ్లీడ్నర్ ఆ రెండో సగాన్ని కూడా విన్నాడు.

పౌలు కూడా అదే చేశాడు. యజమాని దగ్గర నుంచి పారిపోయిన ఒనేసిమును తిరిగి పంపుతూ ఫిలేమోనుకు ఉత్తరం రాశాడు. అతన్ని ఇకమీదట దాసుడిగా కాక సహోదరుడిగా చేర్చుకోమన్నాడు. అతను బాకీ ఉంటే తాను కడతానన్నాడు. ఒక మనిషి గతానికి మరో మనిషి పూచీ పడటమంటే అదే! అయినా ఆ ఉత్తరం ఫలించాలంటే పౌలు రాస్తే సరిపోదు, ఫిలేమోను తన ఇంటి తలుపు తెరవాలి.

ఈ రోజు మన సంఘాల్లో ఎన్నో క్రిస్మస్ సమయంలో జైళ్లకు వెళ్లి పాటలు పాడి, పండ్లు పంచి, వాక్యం చెప్పి వస్తున్నాయి. అది మంచి పనే. మరి అక్కడ కన్నీళ్లతో ప్రార్థన చేసిన మనిషి రేపు విడుదలై ఆదివారం మన చర్చికి వస్తే? మన పక్కన చోటిస్తామా? అతనికి పనిప్పించడానికి తెలిసినవాళ్లతో ఒక మాట చెబుతామా? అతని పిల్లల్ని మన పిల్లలతో సండేస్కూల్లో కూర్చోబెడతామా? మన సంఘాల్లో ఎక్కడో ఒకచోట ఒక ఖాళీ గది ఉంటుంది. అదీ లేకపోతే మంచి మాట చెప్పగల నోరుంటుంది. పెద్ద ఆశ్రమం కట్టాక చేద్దామనుకుంటే ఎప్పటికీ చేయలేం. ఫ్లీడ్నర్‌కూ అప్పుడు ఆశ్రమం లేదు. తోటలో ఒక గది, ఒక నిచ్చెన ఉన్నాయి. దేవునికి అవి చాలాయి!