ఆగమన కాలములో వెళ్ళిపోయిన తల్లి – మాత జ్ఞానమ్మ గారు



మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు విశ్వాసులకు ఏడాది రెండు లెక్కలలో నడుస్తుంది. ఒకటి శ్రీసభ లెక్క. ఆగమన కాలము, క్రీస్తు జయంతి, తపస్సు కాలము, పాస్కా, పెంతెకోస్తు, ఆపైన నెలల తరబడి సాగే సామాన్య కాలము. గురువులు ధరించే వస్త్రముల రంగు చూచి మన పిల్లలు కూడ ఏ కాలమో చెప్పగలరు. రెండవది పొలము లెక్క. ముంగారు వాన, విత్తనము, కలుపు, పంట, ఆ తరువాత సుగ్గి. వాన మోసము చేసిన ఏడు పంట అను మాట ఉండదు. కాని సుగ్గి తప్పదు.

ఈ రెండు లెక్కలు కలిసేచోట మనకు ప్రతి ఏట ఒక నొప్పి ఉన్నది. దేవాలయములో ఆగమన కాలపు మొదటి వత్తి వెలిగించే రోజులలోనే మన పల్లెలలో ఇండ్లకు తాళములు పడతాయి. కోసిగి, మంత్రాలయము, పెద్దకడుబూరు, ఎమ్మిగనూరు వైపు నుండి కుటుంబములకు కుటుంబములు పత్తి తీయుటకు, మిరపకాయ కోయుటకు గుంటూరు సీమకు బయలుదేరుతాయి. క్రిస్మసు అక్కడే, విభూది బుధవారము అక్కడే. కొందరు ఉగాదికి తిరిగి వస్తారు. మరికొందరు పాస్కాకు గాని రారు. తల్లిదండ్రులతో పాటు బడిలో చదివే ఆడపిల్ల కూడ వెళ్తుంది. ఎందుకంటే చేనిగట్టున చంటి తమ్ముణ్ణి చూచుకొనేవారు కావాలి, గుడారములో సంగటి కెలికేవారు కావాలి. తిరిగి వచ్చేసరికి పరీక్షలు దగ్గరపడి ఉంటాయి. మరుసటి ఏట ఆ పిల్ల పేరు హాజరు పట్టీలో ఉండదు.

మన వారు కూలికి పోయే ఆ గుంటూరు సీమలోనే ఫిరంగిపురము అను ఊరు ఉన్నది. బాలయేసు దేవాలయము వలన ఆ పేరు మనలో చాలమందికి తెలుసు. అదే ఊరిలో 1822లో పుట్టిన ఒక తెలుగు తల్లి, ఆడపిల్ల చదువు కొరకే తన మిగిలిన జీవితమంతా ఇచ్చివేసినది. ఆమె పేరు జ్ఞానమ్మ. ఈ సంచికలో ఆ తల్లిని తలచుకొనుట మనకు ఎందుకు అవసరమో చదివినవారికే తెలుస్తుంది.

వలస వచ్చిన విశ్వాసము

జ్ఞానమ్మ గారి కథకు మూలము మన రాయలసీమలోనే ఉన్నదని చెప్పవచ్చును. 18వ శతాబ్దపు మొదటి దశలలో ఫ్రెంచి యేసుసభ గురువులు కర్ణాట మిషను పేరుతో పుంగనూరు మొదలుకొని మడకశిర వైపు వరకు కాలినడకన తిరిగి సువార్త చెప్పినారు. మడకశిర ప్రాంతములో జ్ఞానస్నానము పొందిన రైతు కుటుంబములు కొన్ని, కరవులకు, కలతలకు తాళలేక తరువాతి కాలములో తూర్పునకు వలసపోయినవి. కొన్ని కొండవీటి సీమలో నిలిచినవి. కొన్ని మద్రాసుకు సమీపమున, నేటి తిరువళ్ళూరు జిల్లాలోని కీలచ్చేరి వంటి ఊళ్ళలో స్థిరపడినవి. చుట్టూ అరవము వినబడుతున్నా ఆ ఇండ్లలో జపములు మాత్రము తెలుగులోనే సాగినవి.

1773లో యేసుసభ రద్దు అయినది. గురువుల రాక తగ్గిపోయినది. దివ్యబలిపూజ కొరకు నెలలు, ఒక్కొక్కచోట ఏండ్లు వేచియుండవలసి వచ్చినది. అట్టి కాలములో విశ్వాసమును నిలిపినవారు ఉపదేశులు, ఇంటిలోని తల్లులు. సాయంత్రము దీపము పెట్టి పిల్లలను కూర్చుండబెట్టి జపములు నేర్పిన తల్లులే లేకపోతే ఆ సంఘములు ఆరిపోయి ఉండేవి. వలసపోయిన మనుష్యులు మూటాముల్లెతో పాటు తమ పండుగలను కూడ మోసుకొనిపోయినారు. మనవారు ఈనాడు మిరప చేను పక్కన గుడారము మీద కాగితపు నక్షత్రము కట్టినట్లే అనుకొనండి. జ్ఞానమ్మ గారు పుట్టినది ఇట్టి తల్లుల వంశములో.

గృహిణి, తల్లి, విధవ

మనము పునీతుల చరిత్రలు వినునప్పుడు, చిన్ననాడే లోకమును విడిచి మఠములో చేరినవారినే ఎక్కువగా వింటాము. జ్ఞానమ్మ గారి బాట అది కాదు. ఆనాటి ఆడపిల్లలందరి వలెనే ఆమెకు చిన్న వయస్సులోనే పెండ్లి అయినది. భర్త పేరు ఇన్నయ్య గారు. వారికి అయిదుగురు కుమారులు కలిగినారు. వంటయిల్లు, పసిబిడ్డలు, బంధువులు, పండుగలు, రోగములు, ఇవే ఆమె యవ్వనము. ఇంటి పనిలో మునిగిన తల్లికి దేవుని పిలుపు రాదని అనుకొనేవారు ఈ సంగతి గమనింపవలెను.

తరువాత ఆమె జీవితములో తపస్సు కాలము వచ్చినది. ఇన్నయ్య గారు మరణించినారు. ఆ రోజులలో విధవరాలి బ్రతుకు ఎట్టిదో మన పెద్దలకు తెలియనిది కాదు. శుభకార్యములలో ముందుకు రాగూడదు, నలుగురిలో నోరు విప్పగూడదు. ఎవరో ఒకరి ఇంటి మూలన కూర్చుండి, పెట్టినది తిని, కాలము గడుపవలెను. క్రైస్తవ కుటుంబములు కూడ ఈ ఆచారముల నీడ నుండి పూర్తిగా బయటపడలేదు. కందుకూరి వీరేశలింగము గారు రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిపించినది 1881లో. జ్ఞానమ్మ గారు విధవ అయినది దానికి ఇంచుమించు ఇరువది ఏండ్ల ముందు మాట.

తపస్సు కాలమునకు నలువది దినములే. దాని అవతల పాస్కా ఉన్నదని మనకు తెలుసు గనుక ఉపవాసము ఓర్చుకొంటాము. దుఃఖములో ఉన్నవారికి మాత్రము అవతలి ఒడ్డు కనబడదు. జ్ఞానమ్మ గారికి కూడ కనబడి ఉండదు. అయినను ఆమె మూలన కూర్చుండలేదు.

కీలచ్చేరి బడి

1863లో కీలచ్చేరిలో జ్ఞానమ్మ గారు ఆడపిల్లలకు ఒక బడి తెరచినారు. ఈ ఒక్క వాక్యము చదువుటకు తేలిక. చేయుట ఎంత కష్టమో ఒక్కసారి ఊహింపవలెను. పల్లెటూరు. పంతులు ఎవరు? ఒక విధవరాలు. చదువుకొనేది ఎవరు? చదివితే మొగుణ్ణి లెక్కచేయరని, ఉత్తరములు వ్రాసి చెడిపోతారని నలుగురూ అనుకొనే ఆడపిల్లలు. పొలము పనికి, పసిపిల్లలను ఆడించుటకు ఇంట అవసరమైన పిల్లలు. ఆ పిల్లలను పంపించుమని ఇంటింటికి అడుగవలెను. పంపిన పిల్ల నాలుగు దినములకు మానివేస్తే మరల పోయి అడుగవలెను.

తాను కన్నది అయిదుగురు కుమారులను. అక్షరము పెట్టినది మాత్రము ఇతరుల కుమార్తెలకు. ఇందులోనే ఆ తల్లి మనస్సు తెలుస్తున్నది. ఇన్నయ్య గారి మరణముతో ఆగిపోవలసిన జీవితము ఆ బడిలో మరల లేచినది. ఆమె పాస్కా అదియే.

బడి నడుచుచుండగా ఆమె వెంట మరికొందరు స్త్రీలు నిలిచినారు. ఒక్కరి వలన కాని పని నలుగురి వలన అవుతుంది. పై గదిలో దేవమాతతో కలిసి ప్రార్థించిన శిష్యుల మీదికి పవిత్రాత్మ దిగివచ్చినట్లు, ఆ కొద్దిమంది స్త్రీల ప్రార్థన నుండి, పని నుండి ఒక మఠము పుట్టినది. 1874లో పునీత అన్నమ్మ గారి పేర కన్యల సభ స్థాపింపబడినది. మద్రాసు పునీత అన్నమ్మ సభకును, ఫిరంగిపురపు పునీత అన్నమ్మ సభకును ఆమెయే మూలమాత. పరదేశము నుండి వచ్చిన మఠకన్యలు స్థాపించిన సభలు మనకు అనేకము ఉన్నవి. వారి త్యాగమునకు మనము ఎన్నటికిని రుణపడి ఉంటాము. ఈ సభ మాత్రము మన తెలుగు ఇంటి వాకిలిలో, మన చీరకట్టులో పుట్టినది.

అన్నమ్మ గారి పేరు ఎంత తగినదో చూడండి. మన దేవాలయములలోని పటములలో అన్నమ్మ గారు ఒక గ్రంథము తెరచి, ప్రక్కన నిలుచున్న చిన్నారి మరియకు చదువు చెప్పుచున్నట్లు చిత్రించి ఉంటుంది. జూలై 26న మనము ఆ పండుగ చేసుకొంటాము. ఆ పటము ముందు మోకరించి, ఇంటికి వచ్చి, ఆడపిల్లకు చదువెందుకని అనగలమా?

అదే 1874లో వీరేశలింగము గారు ధవళేశ్వరములో బాలికా పాఠశాల తెరచినారు. తెలుగు దేశము ఆ మహనీయుణ్ణి మరువలేదు, మరువరాదు. దానికి పదునొకండు ఏండ్ల ముందే కీలచ్చేరి పల్లెలో బడి పెట్టిన ఈ తెలుగు విధవరాలి పేరు మాత్రము మన క్రైస్తవ ఇండ్లలో కూడ చాలమందికి తెలియదు.

తోమా పండుగ నాటి మరణము

సభ స్థాపింపబడిన సంవత్సరమే జ్ఞానమ్మ గారికి చివరి సంవత్సరము అయినది. 1874 డిసెంబరు 21న, సోమవారము నాడు, ఆమె కన్నుమూసినారు. వయస్సు 52 ఏండ్లు. క్రిస్మసుకు నాలుగు దినములే ఉన్నవి. ఆనాటి పంచాంగము ప్రకారము అది భారతదేశపు అపొస్తలుడైన పునీత తోమా గారి పండుగ. 1969లో పంచాంగమును సవరించినపుడు ఆ పండుగ జూలై 3కు మారినది గనుక ఈ కాలపు పిల్లలకు ఈ సంగతి తెలియదు. తోమా గారి సమాధి ఉన్న మైలాపురమునకు కొలది దూరములోని పల్లెలో బ్రతికిన తల్లి, ఆయన పండుగ నాడే దేవుని చేరినది.

ఆమె తన పని ఫలము చూడలేదు. మరుసటి ఏట, 1875లో, మిల్‌హిల్ గురువులు తెలుగు నేల మీద అడుగుపెట్టినారు. ఆ తరువాత దేవాలయములు, బడులు, ఆసుపత్రులు లేచినవి. అన్నమ్మ సభ కన్యలు అనేక విచారణలలో సేవ చేసినారు. విత్తినవారు ఆమె, కోసినవారు మరొకరు. ఆగమన కాలములో మరణించుట ఆమెకు తగినట్లే ఉన్నది. వత్తి వెలిగించుట వరకే ఆమె వంతు. వెలుగు రాకను చూచినది తరువాతివారు.

2014లో ఆమెను దైవసేవకురాలుగా పేర్కొని, పునీతత్వ విచారణ ప్రారంభించినారు. దైవసేవకురాలు అనునది మొదటి మెట్టు. ఆపైన గౌరవనీయురాలు, ధన్యురాలు, పునీతురాలు అను మెట్లు ఉన్నవి. ధన్యులుగా ప్రకటింపబడువరకు బహిరంగముగా ఆరాధనలో వారికి పండుగ ఉండదు. అయితే మన ఇంటిలో, మన మనస్సులో ఆ తల్లి సహాయము వేడుకొనుటకు అడ్డు లేదు.

సామాన్య కాలపు పని

శ్రీసభ సంవత్సరములో అన్నిటికన్న పెద్ద భాగము సామాన్య కాలమే. ముప్పది మూడో, ముప్పది నాలుగో వారములు. జ్ఞానమ్మ గారి రోజులలో వానిలో చాలవాటిని పెంతెకోస్తు తరువాతి ఆదివారములు అని లెక్కించేవారు. పేరు ఏదైనను, అవి తోరణములు లేని, ఊరేగింపు లేని వారములు. ఆకుపచ్చ వస్త్రము, అదే పూజ, అదే పని. పైరు పెరిగేది కూడ ఆ నెలలలోనే.

బడి నడుపుట సామాన్య కాలపు పని. దానికి బ్యాండుమేళము ఉండదు. ప్రతి ఉదయము పిల్ల వచ్చినదా రాలేదా అని చూచుట, రాకపోతే ఇంటికి వెళ్ళి అడుగుట, ఇంతే. జ్ఞానమ్మ గారు పదునొకండు ఏండ్లు చేసినది ఇదియే. క్రిస్మసు నాడు, మ్రానికొమ్మల ఆదివారము నాడు నిండిపోయే మన దేవాలయమును చూచి సంతోషిస్తాము. మిగిలిన నెలలలో మన విశ్వాసము ఏమి చేయుచున్నది అన్నదే ఆ తల్లి బ్రతుకు మనలను అడుగుతున్నది.

సుగ్గికి పోయేవారిని తప్పు పట్టే హక్కు ఎవరికిని లేదు. అప్పు తీరవలెను, కడుపు నిండవలెను. వాన లేని నేల మీద తిని కూర్చుండి సలహా చెప్పుట సులభము. అయితే పెద్దలు వెళ్ళినను పిల్ల ఆగుటకు దారులు ఉన్నవి. కొన్నిచోట్ల వలస పిల్లల కొరకు ప్రభుత్వము సీజనల్ హాస్టళ్ళు నడిపినది. అట్టివి ఊరిలో ఉన్నవో లేవో సుగ్గి మొదలు కాకమునుపే కనుగొని, తల్లిదండ్రులకు చెప్పువారు ఉండవలెను. అవ్వాతాతలు ఉన్న ఇంట పిల్లను వారి వద్ద నిలుపవచ్చును. అవ్వకు చేతకాకపోతే పక్కింటి క్రైస్తవ కుటుంబము ఆ పిల్లను మూడు నెలలు తమ పిల్లలతో పాటు కూర్చుండబెట్టుకొని రెండు పూటలా అన్నము పెట్టలేదా? తపస్సు కాలములో మనము మానివేసే పూట ఆ పిల్ల కంచములో పడితే అంతకన్న మంచి ఉపవాసము ఏమున్నది?

ఇక ఫిరంగిపురము దారిన పోయే మన కూలి తల్లులకు ఒక మాట. బాలయేసు గుడిలో దండము పెట్టుకొన్నప్పుడు, ఆ ఊరిలో పుట్టిన జ్ఞానమ్మ గారిని కూడ ఒకసారి తలచుకొనండి. ఆమె మీవంటి తల్లియే. బిడ్డలను కన్నది, భర్తను పోగొట్టుకొన్నది, పరాయి సీమలో బ్రతికినది. మీ బిడ్డ పలక కొరకు ఆమె తప్పక ప్రార్థిస్తుంది.

వచ్చే ఆగమన కాలములో మొదటి వత్తి వెలిగించు ఆదివారము, మన విచారణలో ఎవరి ఇంటికి తాళము పడినదో, ఆ ఇంటి ఆడపిల్ల ఎక్కడ ఉన్నదో అడిగి తెలుసుకొందము. జ్ఞానమ్మ గారు ఇంటింటికి పోయి అడిగినది కూడ ఆ ఒక్క ప్రశ్నయే.