కత్తెరతో సినిమా తీసిన లోటే రైనిగర్

తోలుబొమ్మలాట చూసినవారికి నీడకు ఉన్న శక్తి గురించి వేరే చెప్పనక్కరలేదు. ఒక తెర, ఒక దీపం, ఆడించే చేయి ఉంటే చాలు, రామాయణం కళ్ళ ముందు నడుస్తుంది. సుమారు వందేళ్ళ క్రితం జర్మనీలో ఒక యువతి ఆ నీడలతోనే పూర్తి నిడివి సినిమా తీసింది. ఆమే లోటే రైనిగర్.

లోటే 1899 జూన్ 2న బెర్లిన్‌లో జన్మించింది. చిన్ననాటి నుండే నల్ల కాగితాన్ని కత్తెరతో కత్తిరించి మనుషుల, జంతువుల ఆకారాలు చేసేది. వాటితో ఇంట్లోవారికి నీడబొమ్మల నాటకాలు ఆడి చూపించేది. ప్రసిద్ధ నటుడు, దర్శకుడు పాల్ వెగెనర్ ఆమెలోని నైపుణ్యాన్ని గుర్తించాడు. 1918లో ఆయన తీస్తున్న సినిమాలో వేణువు ఊదేవాడి వెంట ఎలుకల దండు నడవాలి. నిజమైన ఎలుకలు మాట వినలేదు. చివరకు కొయ్య ఎలుకలను కొంచెం కొంచెం జరుపుతూ, ఒక్కొక్క ఫొటో తీస్తూ ఆ దృశ్యాన్ని పూర్తి చేశారు. ఆ ఎలుకలను కదిలించినవారిలో లోటే ఒకరు. 1919లో ఆమె తన మొదటి చిన్న చిత్రం తీసింది. 1921లో తన సహచరుడు కార్ల్ కోఖ్‌ను వివాహం చేసుకుంది.

1923లో జర్మనీలో డబ్బుకు విలువ లేకుండా పోయింది. లూయీ హాగెన్ అనే బ్యాంకరు తన సొమ్మును కాపాడుకోవడానికి పెద్ద ఎత్తున ముడి ఫిల్ము కొన్నాడు. ఆ ఎత్తు ఫలించలేదు. ఆ ఫిల్ముతో ఒక పెద్ద సినిమా తీయమని లోటేను అడిగాడు. బొమ్మల సినిమా అంటే పది నిమిషాల నవ్వులాట అని అందరూ అనుకునే రోజులవి. అయినా ఆమె సరేనంది.

పోట్స్‌డామ్‌లో హాగెన్ ఇంటి దగ్గర, కారు షెడ్డు పైన ఉన్న అటకే వారి స్టూడియో. కప్పు చాలా తక్కువ ఎత్తు. అందుకని లోటే పాత కారు సీటు మీద మోకాళ్ళూని పనిచేసేది. అద్దం బల్ల కింద దీపం, పైన కెమెరా. నల్ల అట్టతో, పలుచని సీసపు రేకుతో చేసిన బొమ్మల కీళ్ళను తీగతో కట్టేవారు. చేతిని వెంట్రుకవాసి జరపాలి, ఒక ఫొటో తీయాలి, మళ్ళీ జరపాలి. ఇలా మూడేళ్ళు, 1926 వరకు! అరేబియన్ నైట్స్ కథలతో 'యువరాజు అహ్మద్ సాహసాలు' పూర్తయింది. నిడివి గంటకు కొంచెం పైన.

కష్టం అంతటితో తీరలేదు. బెర్లిన్‌లో ఏ సినిమా హాలువారూ దానిని వేయడానికి ముందుకు రాలేదు. చివరకు వారే 1926 మే 2న ఒక నాటకశాలలో ప్రదర్శన పెట్టుకున్నారు. తీరా ఆట మొదలయ్యే ముందు చూస్తే ప్రొజెక్టరు కటకం పగిలి ఉంది! కోఖ్ పరుగెత్తి మరో కటకం తెచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. జూలైలో పారిస్‌లో ప్రదర్శించి మెప్పు పొందాక గాని, సెప్టెంబరులో బెర్లిన్ సినిమా హాలు తలుపు తెరుచుకోలేదు.

తరువాత హిట్లర్ పాలన వచ్చింది. ఆ దంపతులు దేశం విడిచారు. ఎక్కడా స్థిరంగా ఉండే అనుమతి దొరకక దేశదేశాలు తిరిగారు. యుద్ధం ముగియక ముందే, జబ్బుపడిన తల్లి కోసం లోటే బెర్లిన్‌కు తిరిగి వచ్చింది. 1945లో బెర్లిన్ పోరాటంలో ఆ సినిమా అసలు నెగెటివ్ నాశనమైంది. మూడేళ్ళ చాకిరీ బూడిదయ్యింది! కాని బ్రిటన్‌లో ఒక ప్రతి భద్రంగా మిగిలింది. దాని ఆధారంగా 1999లో, ఆమె శతజయంతి ఏడాదిలో, ఆ సినిమాను దాని పాత రంగులతో పునరుద్ధరించారు.

1949లో లండన్ చేరిన లోటే మళ్ళీ కత్తెర పట్టింది. అక్కడ ఆమె చిత్రాల నిర్మాణానికి తోడు నిలిచింది ఎవరో కాదు, ఆనాటి హాగెన్ కుమారుడే. ఎనభై ఏళ్ళు దగ్గరపడినా ఆమె పని మానలేదు. 1981 జూన్ 19న కన్నుమూసింది.

డిస్నీ వారి 'స్నో వైట్' 1937లో వచ్చింది. లోటే సినిమా అంతకు 11 ఏళ్ళ ముందుది. అంతకన్నా ముందే, 1917లో అర్జెంటీనాలో ఒక పెద్ద బొమ్మల సినిమా వచ్చింది గాని అది నేడు లేదు. అందుచేత నేటికి మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలలో ఇదే పాతది.

మిత్రులారా! లోటే చేతిలో పనితనం ఉంది. అయితే, ఫిల్ము ఇచ్చినవారు ఒకరు, కటకం తెచ్చినవారు ఒకరు, ప్రతిని దాచినవారు మరొకరు. వారిలో ఏ ఒక్కరు లేకున్నా ఈ రోజు ఆ సినిమా మనకు లేదు. హాస్టల్ గదిలో ట్రంకుపెట్టె మీద కాగితం పెట్టుకుని బొమ్మలు వేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మనలోనూ ఉన్నారు. వారు పని మానకూడదు. ఇక్కడ చదివి ఉద్యోగాలలో స్థిరపడిన అన్నలు, అక్కలు వారికి ఆ ముడి ఫిల్ము అందించాలి. ఈ వార్షికోత్సవం నాడు నేను కోరుకునేది ఇదే.