కడలి జీవులను లెక్కించిన హెన్సెన్

రాయగడ పక్కగా పారే నాగావళి శ్రీకాకుళం జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ సముద్రపు నీటిని దోసిట్లోకి తీసుకుంటే తేటగానే కనిపిస్తుంది. కాని అందులో కంటికి ఆనని ప్రాణులు ఎన్నో ఉంటాయి. ప్రవాహానికి ఎదురీదలేక నీటితోపాటు కొట్టుకుపోయే ఈ జీవులకు 1887లో ప్లాంక్టన్ అని పేరు పెట్టినవాడు విక్టర్ హెన్సెన్. మనం వీటిని ప్లవకాలు అంటాం.

హెన్సెన్ 1835 ఫిబ్రవరి 10న, నేటి జర్మనీలోని ష్లెస్విగ్ పట్టణంలో జన్మించాడు. వైద్యశాస్త్రం చదివాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే 1857లో కాలేయంలోని గ్లైకోజన్‌ను కనుగొన్నాడు. అదే కాలంలో ఫ్రాన్సులో క్లోద్ బెర్నార్ కూడా దానిని కనుగొన్నందువల్ల కీర్తి ఎక్కువగా ఆయనకే దక్కింది. తరువాత హెన్సెన్ కీల్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడయ్యాడు. మన లోపలి చెవిలోని కొన్ని కణాలను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

వైద్యం చదివినవాడికి సముద్రంతో ఏం పని? కీల్ రేవు పట్టణం. చేపల వేట అక్కడివారికి జీవనాధారం. సముద్రం ఎన్ని చేపలను పోషించగలదో తెలుసుకోవాలని హెన్సెన్ తలచాడు. 1867లో ప్రష్యా శాసనసభ సభ్యుడై, సముద్ర పరిశోధనకు ప్రభుత్వమే పూనుకోవాలని వాదించాడు. 1870లో కీల్‌లో అందుకొక సంఘం ఏర్పడింది. చిన్న చేపలకు మేత ప్లవకాలు, పెద్ద చేపలకు మేత చిన్న చేపలు. కాబట్టి ముందు మేతను లెక్కించాలి.

పిండి జల్లించే సన్నని పట్టుగుడ్డతో ఆయన వల కుట్టించాడు. దానిని లోతుకు దింపి నిటారుగా పైకి లాగేవారు. వల మూతి వైశాల్యాన్ని లోతుతో హెచ్చిస్తే ఎంత నీరు వడపోతకు వచ్చిందో తెలుస్తుంది. చిక్కినవాటినన్నిటినీ లెక్కపెట్టడం ఎవరి తరం? బస్తాలోని వడ్లగింజల సంఖ్య తెలియాలంటే గిద్దెడు గింజలు లెక్కించి, బస్తాకు ఎన్ని గిద్దెలో దానితో హెచ్చిస్తే చాలు కదా! హెన్సెన్ చేసిందీ అదే. అయితే సీసాను ముందు బాగా కలపాలి. లేకపోతే బరువైనవి అడుగున చేరి లెక్క తప్పుతుంది. ప్రత్యేకమైన గొట్టంతో కచ్చితంగా కొలిచిన కొద్ది నీటిని, గీతలు గీసిన గాజుపలకపై పోసి, సూక్ష్మదర్శిని కింద వరుస వెంట వరుసగా లెక్కించేవారు. కళ్లు కాయలు కాసే పని అది.

1889 జులై నుంచి నవంబరు వరకు నేషనల్ అనే ఓడలో అట్లాంటిక్ సముద్రంలో తిరిగి ఆయన బృందం ఈ లెక్క తీసింది. ఫలితం అందరినీ ఆశ్చర్యపరచింది. పచ్చని అడవులుండే ఉష్ణమండలంలో సముద్రం బీదగా ఉంది. చల్లని ఉత్తర సముద్రాలే సంపన్నంగా ఉన్నాయి.

ప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు హెకెల్ దీనిని తీవ్రంగా ఖండించాడు. ప్లవకాలు గుంపులు గుంపులుగా ఉంటాయని, అక్కడక్కడ వల వేసి సముద్రమంతటికీ లెక్క కట్టడం వృథా అని ఆయన వాదం. హెన్సెన్ 1891లో జవాబు వ్రాశాడు గాని, తన పద్ధతిని విడువలేదు. గుంపుల మాటలో కొంత నిజం లేకపోలేదు. అసలు లోపం మాత్రం మరొకచోట బయటపడింది. కీల్‌లోనే పనిచేసిన లోమన్, ఒక చిన్న సముద్రప్రాణి తన చుట్టూ కట్టుకునే జల్లెడలాంటి గూటిని పరీక్షించాడు. అందులో పట్టువలకు ఎన్నడూ చిక్కని అతి సూక్ష్మజీవులు కనిపించాయి. అవి వల కన్నాల గుండా జారిపోతున్నాయన్నమాట! లోమన్ నీటిని యంత్రంలో గిరగిర తిప్పి వాటిని అడుగుకు చేర్చి లెక్కించాడు.

హెన్సెన్ 1924 ఏప్రిల్ 5న కీల్‌లో మరణించాడు. 1931లో ఉటర్‌మోల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు నీటిని చిన్న గాజుపాత్రలో తేరనిచ్చి, అడుగుకు చేరిన జీవులను కిందినుంచి చూసే సూక్ష్మదర్శినితో లెక్కించే పద్ధతిని ప్రకటించాడు. అది నేటికీ వాడుకలో ఉంది. మన తీరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆచార్య పి.ఎన్. గణపతి సహపరిశోధకుడితో కలిసి వాల్తేరు దగ్గరి లాసన్స్ బే ప్లవకాల పరిమాణాన్ని లెక్కకట్టి 1958లో ప్రచురించాడు.