మూసీ వరదయు మహబూబు అలీ ఖానును

మూసీనది అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరము నడుమగా ప్రవహించి, నల్లగొండ, సూర్యాపేట సీమలను తడుపుచు, వాడపల్లి యొద్ద కృష్ణవేణిలో కలియును. ఆ సంగమమునకు చేరువనే పాలకీడు ప్రాంతమున్నది. వేసవిలో సన్నని పాయగా సాగు ఈ చిన్న నది 1908వ సంవత్సరమున ఒక్క దినములో వేలకొలది జనులను పొట్టను బెట్టుకొనెను. ఆనాడు హైదరాబాదు రాజ్యమును పాలించుచున్న ప్రభువు మీర్ మహబూబు అలీ ఖాను. ఆయన ఆసఫ్‌జాహీ వంశమున ఆరవ నిజాము.

మహబూబు అలీ ఖాను 1866వ సంవత్సరము ఆగస్టు మాసమున జన్మించెను. 1869లో తండ్రియైన అఫ్జలుద్దౌలా మరణించునప్పటికి ఆ బాలునకు మూడేండ్లయినను నిండలేదు. పసివానిని సింహాసనముపై కూర్చుండబెట్టి, దివానైన మొదటి సాలార్‌జంగును, షంసుల్ ఉమ్రాయును అతని పక్షమున రాజ్యభారమును వహించిరి. సాలార్‌జంగు గొప్ప కార్యదక్షుడు. రాజ్యమును జిల్లాలుగా విభజించి, ఖజానాను చక్కదిద్ది, న్యాయస్థానములను నెలకొల్పెను. బాలరాజునకు ఉర్దూ, పారసీక, అరబ్బీ భాషలతోబాటు ఆంగ్లమును గూడ నేర్పించిరి. గుఱ్ఱపుస్వారియందును వేటయందును అతనికి మక్కువ మిక్కుటము. 1883లో సాలార్‌జంగు కాలధర్మము నొందెను. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో వైస్రాయి రిప్పన్ ప్రభువు హైదరాబాదునకు వచ్చి, యువకుడైన నిజామునకు సంపూర్ణాధికారములను అప్పగించెను.

ఆయన కాలమున రాజ్యమందు రైలుమార్గములు విస్తరించెను. 1887లో నిజాం కళాశాల వెలసెను. అయినను పరిపాలనా వ్యవహారములను చాలవరకు మంత్రులకు విడిచి, ఆయన వేటలలోను విలాసములలోను కాలము గడుపుచుండెననుట నిజము. పురానీహవేలీలో ఆయన దుస్తులు దాచుటకై కట్టించిన పొడవైన కొయ్య అరలవరుస నేటికిని చూచువారికి వింత గొలుపుచున్నది. జేకబు వజ్రమను పేరుగల అమూల్యమైన వజ్రమును కొని, ఆ బేరము విషయమై న్యాయస్థానము వరకు పోవలసివచ్చెను. ఒకవైపు ఇట్టి వైభవముండగా, మరియొకవైపు పల్లెలలోని రైతులు జాగీర్దారుల, దేశముఖుల ఒత్తిడికి లోనై వెట్టిచాకిరి చేయుచుండిరి. వారి మొఱ రాజు చెవికి చేరుట అరుదు.

ఇట్లుండియు నగర ప్రజలకు ఆయనయందు ప్రీతి మెండు. మారువేషమున రాత్రులు వీధులలో తిరిగి బీదల కష్టసుఖములను అరసెడివాడని కథలు చెప్పుకొనిరి. పాము కరచినవారు ఆయన పేరు తలచినచో విషము దిగునని నమ్మినవారు గూడ ఉండిరి. ఈ కథలలో నిజమెంతయో చెప్పలేము. కాని ఆ ప్రేమకు అర్హుడో కాడో తేల్చు పరీక్షాకాలము 1908లో వచ్చెను.

ఆ సంవత్సరము సెప్టెంబరు మాసాంతమున మూసీ పరీవాహక ప్రదేశమందు కుంభవృష్టి కురిసెను. శంషాబాదున ఒక్క దినములోనే దాదాపు 13 అంగుళముల వాన పడెను. నగరమునకు ఎగువన వందలకొలది చెరువులు గొలుసుకట్టుగా ఉండెను. పై చెరువు కట్ట తెగగా, ఆ నీరు క్రింది చెరువుపై బడి దానిని తెంచెను. ఆ విధముగా 788 చెరువులలో 221 తెగినవి. ఆ జలరాశి అంతయు ఒక్కపెట్టున నదిలో చేరి, సెప్టెంబరు 28వ తేదీ ఉదయమునకు నగరముపై విరుచుకొనిపడెను.

నది యొడ్డున ఉన్న పేదల మట్టియిండ్లు మొదట కరగిపోయెను. తరువాత అంగళ్లు, మేడలు, ఆసుపత్రి నీటి పాలాయెను. అఫ్జల్, ముసల్లంజంగు, చాదర్‌ఘాటు వంతెనలు తెగిపోయెను. ప్రాచీనమైన పురానాపూల్ మాత్రము ప్రవాహమునకు తట్టుకొని నిలిచెను. అఫ్జల్‌గంజు ఆసుపత్రి ప్రాంగణములోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉర్దూకవి అంజద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలో పోగొట్టుకొని తానొక్కడు మిగిలెను. మృతులు సుమారు 15,000 అనియు, నేలగూలిన ఇండ్లు 19,000 అనియు, నిలువ నీడ లేనివారు 80,000 అనియు అంచనా వేసిరి.

ఇట్టి సమయమున రాజు చేయదగినదేమి? ఉత్తరువులు జారీచేసి, పనిని అధికారులకు విడిచి, తాను మందిరములో ఉండుట ఒక మార్గము. ఎత్తైన కొండపైనున్న ఫలక్‌నుమా సౌధమును వరద తాకలేదు. నిజాము అచ్చటనే యుండి అన్ని యాజ్ఞలను పంపియుండవచ్చును. రాజు కన్నీరు కార్చినంతమాత్రమున కొట్టుకొనిపోయిన బిడ్డ తిరిగివచ్చునా యని అడుగువారికి సమాధానము చెప్పుట సులభము కాదు.

మహబూబు అలీ ఖాను మందిరమున దాగలేదు. ప్రజల దుఃస్థితిని కన్నులార చూచి కంటతడి పెట్టెనని ఆనాటివారు చెప్పుకొనిరి. పండితుల సలహాపై హిందూ సంప్రదాయమున మూసీమాతకు పూజచేసి హారతి యిచ్చెనను ప్రతీతియు ఉన్నది. అంతకంటె ముఖ్యమైనది, తన మహళ్ల తలుపులను ఇల్లు వాకిలి పోయినవారికై తెరపించుట. సామాన్యులు కనులెత్తి చూడ వెఱచు ప్రాంగణములలో ఆనాడు తడిసిన బట్టలతో తల్లులు, పిల్లలు తలదాచుకొనిరి. నగరమున పలుచోట్ల అన్నము వండి వడ్డించు కేంద్రములు తెరువబడెను. కులమత భేదము లేక అన్నార్తులందరు ఆకలి తీర్చుకొనిరి. దివానైన మహారాజా కిషన్ పర్షాదు సహాయకార్యములకు పూనుకొనెను.

రాజు దుఃఖము ప్రజల దుఃఖముతో కలియుట వలన కలిగిన మేలు ఇదియే. తమను పట్టించుకొనువాడొకడున్నాడను ధైర్యము నిరాశ్రయులకు కలిగెను. రాజే ముందు నిలువగా అధికారులును ధనికులును వెనుకాడలేకపోయిరి. కాని జాలి అన్నముపెట్టుటతో ఆగిపోయినచో, మరియొక వాన మరల అంత నష్టమును కలిగించియుండెడిది.

అందుచేత నిజాము ప్రభుత్వము 1909లో ప్రసిద్ధ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించెను. ఆయన చెరువులను, వాననీటి లెక్కలను, నది వాలును శ్రద్ధగా పరిశీలించి, నగరమునకు ఎగువన రెండు గొప్ప జలాశయములను నిర్మించి వరదనీటిని నిలుపవలెనని సూచించెను. ఆ నీరే నగరమునకు త్రాగునీరుగా గూడ ఉపయోగపడునని తెలిపెను. అయితే ఆ నిర్మాణములను చూచు భాగ్యము మహబూబు అలీ ఖానునకు లభింపలేదు. 1911వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, తన నలువదియైదవ యేట, ఆయన ఫలక్‌నుమాలో మరణించెను. మక్కామసీదు ఆవరణమున ఆయనను ఖననము చేసిరి. ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాను కాలమున 1920 నాటికి మూసీపై ఉస్మాన్‌సాగరును, 1927లో దాని ఉపనదియైన ఈసీపై హిమాయత్‌సాగరును పూర్తియయ్యెను.

మహబూబు అలీ ఖాను లోపములు లేని ప్రభువు కాడు. వరదబాధితులకు తెరచిన ద్వారము, వెట్టిచాకిరిలో మ్రగ్గుచున్న పల్లెరైతులకు తెరచియుంచలేదు. కంటి ముందటి కష్టమునకు కరగిన మనస్సు కంటికి దూరమైన కష్టమును గుర్తింపజాలకపోయెను. అయినను ఆపదవేళ ప్రజలతోబాటు దుఃఖించి, వారికి తన యింట చోటిచ్చినందులకే నగరవాసులు ఆయనను తరతరములుగా తలచుకొనిరి. ప్రజలను పాలించువారికి కన్నీరు అవమానము కాదు. ఆ కన్నీరు అన్నముగను, ఆశ్రయముగను, చివరకు ఆనకట్టగను మారినప్పుడే అది సార్థకమగును.